మా బావ వేళ్లు

బావకు కడుపులో ఉన్నది క్యాన్సరని రిపోర్టు వచ్చిన రోజు, అది అల్సరని నేను ఆయనకు చెప్పాను. నేను చేసిన తప్పు అది. కారణాలు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను, ఇక్కడ కూడా ఒకటి రెండు రాస్తాను. వాటివల్ల తప్పు తేలికవుతుందన్న ఆశ మాత్రం ఇప్పుడు లేదు.

ఆస్పత్రి క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన టీ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. రిపోర్టు కవరు నా ఒళ్లో ఉంది.

"ఏమంటాడ్రా మీ డాక్టరు?" అని అడిగాడు.

"పుండు పడిందంట బావా. అల్సరు. ఆ భాగం కోసి తీసేస్తే సరిపోతుందంట."

ఆయన సాసరు కింద పెట్టాడు. "చూశావా, మీ అక్క ఆవకాయ ఎంత పని చేసిందో. ఇన్నేళ్లు ఇనుము మోసినా దిగని మనిషిని మామిడికాయ ముక్క దించింది" అని నవ్వి, మిగిలిన టీ తాగేశాడు. నేనేమీ గొప్పగా నటించలేదు. చెప్పింది బామ్మర్ది కాబట్టి నమ్మాడు.

ఆయన పోయి మూడు నెలలైంది. ఆయన ఎక్కడ పుట్టాడు, ఎలా పైకొచ్చాడు అన్నదంతా రాయాలని నాకు లేదు. తలుచుకుంటే ముందు కనపడేవి ఆయన కుడిచేతి వేళ్లు. ఆయన ఆటోనగర్లో ఇంజన్ మేస్త్రి. ఒక పార్టనరుతో కలిసి అక్కడ షెడ్డు నడిపేవాడు. లారీ ఇంజను విప్పి లోపల తిరిగే ఇరుసును, క్రాంక్ షాఫ్టును, బయటికి తీశాక, దాన్ని డీజిల్ గుడ్డతో తుడిచి, చూపుడువేలి గోరును దాని మీద నెమ్మదిగా లాగేవాడు. అప్పుడు కళ్లు మూసుకునేవాడు. గోరు ఎక్కడైనా సన్నగా తట్టుకుందంటే గీత పడినట్టు. "ఇది గ్రైండింగుకి పోవాల్సిందే" అనేవాడు. తర్వాత మైక్రోమీటరు పెట్టి చూసినా అదే తేలేది. వాడిన ఆయిలు చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, లోపల బేరింగులు అరుగుతున్నాయో లేదో చెప్పేవాడు. కంటికన్నా చెవి, చెవికన్నా వేలు నిజం చెబుతుందని ఆయన నమ్మకం. ఇంట్లో కూడా అంతే. బియ్యం తెస్తే నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. అక్క చీర కొనుక్కుంటే రంగు చూడకుండా అంచు తడిమి, "రెండు ఉతుకులు" అని తేల్చేసేవాడు. అక్క ఆ చీరను పంతానికి మూడేళ్లు కట్టేది.

నేను నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటుని. ఒకసారి నేను పాత స్కూటరు ఒకటి కొని ఆయనకు చూపించడానికి తీసుకెళ్లాను. ఇంజను నడుస్తుండగా దాని మీద అరచెయ్యి ఆనించి, "వెనక్కిచ్చెయ్యరా" అన్నాడు. నేను వినలేదు. ఆ తర్వాత ఆరు నెలలు దాన్ని బందరు రోడ్డు పొడుగునా నెట్టుకుంటూ తిరిగాను. ఆ ఆరు నెలలూ నేను షెడ్డు గుమ్మంలోకి వెళ్లగానే, అందరూ వినేలా, "వచ్చారా సూపరింటెండెంటు గారు? నడుపుకుంటూ వచ్చారా, నడిపించుకుంటూ వచ్చారా?" అని అడిగేవాడు.

ఆయనకొక పట్టింపు ఉండేది. ఇంజనులోంచి తీసేసిన పాత సామాను పారెయ్యనిచ్చేవాడు కాదు. డీజిల్లో కడిగి, పాత పేపరు పరిచి వరసగా పేర్చి, బండి ఓనరును పిలిచి, ఒక్కొక్కటీ ఆ మనిషి చేతిలో పెట్టి చూపించేవాడు. ఆ తర్వాతే కొత్తది బిగించేవాడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కునేవాళ్లు. నీ మీద నమ్మకం ఉందయ్యా, బిగించెయ్ అనేవాళ్లు. బండి నీది కాబట్టి చూడాల్సింది నువ్వే అని ఆయన కదిలేవాడు కాదు. మైలవరం వైపు నుంచి వచ్చిన ఒకాయనకు ఇంజను బ్లాకే పగిలిందని అలా చూపిస్తే, ఆ మనిషి అక్కడే కూలబడిపోయాడు. అది ఆయనకున్న ఒకే ఒక్క లారీ. నేను అక్కడే ఉన్నాను. బావను పక్కకు పిలిచి, కాస్త మెల్లగా చెప్పొచ్చు కదా అన్నాను.

"మెల్లగా చెబితే పగులు అతుక్కుంటదా? ఇవ్వాళ ఏడుస్తాడు, రేపు ఏం చెయ్యాలో చూసుకుంటాడు. చెప్పకపోతే లోడుతో పోయి నడిరోడ్డు మీద ఏడుస్తాడు" అన్నాడు.

ఈ మాటలు నా చెవులతో విన్నాను. విని కూడా ఆ రోజు క్యాంటీన్లో అలా చెప్పాను.

కడుపు మంట ఆయనకు కొత్త కాదు. పని మీద పడితే మధ్యాహ్నం భోజనం నాలుగింటికి. మంట మొదలైతే గోలీసోడా, దానికి తగ్గకపోతే మందుల షాపులో గ్యాస్ బిళ్ల. చొక్కా జేబులో టెస్టరు పక్కన ఆ బిళ్లల అట్ట ఎప్పుడూ ఉండేది. రెండేళ్ల క్రితం వేసవిలో, రెండో ఇడ్లీకే కడుపు నిండిపోయిందని పళ్లెం పక్కకు తోసెయ్యడం మొదలుపెట్టాడు. బెల్టుకు మేకుతో రెండు కొత్త కన్నాలు పొడిచాడు. పొట్ట తగ్గించమని మీ అక్క గోల పెడుతోంది కదా, తగ్గిస్తున్నాను అన్నాడు. దొడ్డికి నల్లగా అవుతోందని నాకొక్కడికే, అదీ ఒక రోజు కారులో మాటల్లో చెప్పాడు. నేను మర్నాడే బలవంతాన ఎండోస్కోపీకి తీసుకెళ్లాను. అంతవరకూ నేను చేసినదాంట్లో తప్పు లేదు.

కడుపులోంచి తీసిన ముక్క పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిపించి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గడ్డ కడుపు కింది భాగంలో ఉంది. పక్కనున్న గ్రంథులకు తాకినట్టుంది. కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకలేదు. ఆపరేషన్ చెయ్యొచ్చు. "అయితే ఆపరేషన్ సగం పనేనండి" అన్నాడు. కోసి తీసేసినా కంటికి కనపడని కణాలు ఎక్కడో మిగిలి ఉంటాయట. వాటి కోసం మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది ఇంజక్షన్లు, మధ్య రోజుల్లో మాత్రలు. ఆ రెండో సగం పూర్తి చేసినవాళ్లలో ఎక్కువమంది నిలబడుతున్నారనీ, మధ్యలో మానేసినవాళ్లకు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువనీ చెప్పాడు. నూటికి ఎంతమందో కూడా చెప్పాడు. ఆ అంకెలు ఇక్కడ రాయను. ఏ వైపు అంకెలో పడతామన్నది కొంత మన చేతిలో కూడా ఉంటుందని మాత్రం నాకు బాగా అర్థమైంది.

"ఆయనకు మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగాడు.

"మేం చెబుతామండి" అన్నాను.

మా నాన్నకు గొంతు క్యాన్సరని వెనకటికి ఒక డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ సాయంత్రమే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందు ముట్టలేదు. నెలన్నరలో పోయాడు. అప్పటినుంచీ మా బంధువుల్లో ఎవరికి ఈ జబ్బు వచ్చినా మొదట అనుకునే మాట, మనిషికి తెలియనివ్వకండి అని. తెలిస్తే సగం ప్రాణం అప్పుడే పోతుందని మా అందరి నమ్మకం. ఇది నేను పైకి చెప్పుకునే కారణం. ఇంకొకటి ఉంది. ఆ మాట ఆయన కళ్లలోకి చూస్తూ అనడానికి నాకు ధైర్యం లేకపోయింది.

అక్కకు కూడా చెప్పలేదు. అక్క మొహంలో ఏదీ దాగదు. ఆమెకు తెలిస్తే ఆ పూటే బావకు తెలిసిపోతుందనుకున్నాను. వాళ్లకు పిల్లలు లేరు. ఆస్పత్రి సంగతులన్నీ చూసేది నేనే. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. నేను వేలు పెట్టిన చోట ఆయన సంతకం పెట్టాడు. అవతలివాళ్ల బండి కాగితాలు మూడుసార్లు చదివించుకునే మనిషి, తన కాగితాల మీద చదివించుకోకుండానే సంతకాలు పెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. పన్నెండో రోజున ఇంటికి తీసుకొచ్చాం. అల్సరు వచ్చింది తన చేతి కారం వల్లేనని అక్క నమ్మింది. ఇంట్లో ఉన్న ఆవకాయ జాడీ పక్కింటివాళ్లకు ఇచ్చేసి, తను కూడా పచ్చడి తినడం మానేసింది. రెండు గంటలకొకసారి గిన్నెడు మెత్తటి అన్నం, చారు నీళ్లు పెడుతూ, "నేనే చేశాన్రా ఇదంతా, ఆయన అడిగాడని వేశాను ముద్దకి ముద్ద" అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది. ఆమెను ఓదార్చాను. ఓదార్చడం తేలిక. నీ పచ్చడికీ దీనికీ సంబంధం లేదక్కా అని చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి. అది చెప్పలేదు.

నెల దాటాక ఇంజక్షన్లు మొదలయ్యాయి. పుండు మళ్లీ రాకుండా బలానికి వేసే మందని చెప్పాను. ఆ వార్డులో రోజంతా సెలైన్ సీసా వేలాడుతూ ఉండేది. కర్టెన్ లాగి ఉన్న మంచం అడిగి తీసుకున్నాను. వార్డులో ఉన్న మిగతావాళ్లతో ఆయన మాట కలపకుండా చూసుకోవడం నా పని. నీళ్లు తాగుతావా బావా, పడుకో బావా అంటూ మధ్యలో అడ్డం పడేవాణ్ణి.

మొదటి ఇంజక్షన్ అయిన సాయంత్రం ఇంటికెళ్లి ఫ్రిజ్ తలుపు పట్టుకుని షాకు కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చల్లటి గ్లాసు పట్టుకున్నా అంతే. రెండోదాని తర్వాత వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి అలాగే ఉండిపోయాయి. వారం రోజులకు ఫోన్ చేసి షెడ్డుకి రమ్మన్నాడు. వెళ్లేసరికి బల్ల మీద ఒక క్రాంక్ షాఫ్టు ఉంది. దాని మీద గోరు లాగుతున్నాడు. కళ్లు మూసుకుని లాగాడు. తెరిచి లాగాడు. ఎడమచేత్తో లాగాడు.

"ఏం తెలవట్లేదురా. చేతికి తొడుగేసుకున్నట్టుంది" అన్నాడు. ఆయన గొంతులో భయం వినడం నాకు అదే మొదలు.

ఈ మందుకి కొన్నాళ్లు అలా ఉంటుందిలే అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచన ఎప్పుడూ తిన్నగా ఉండేది. పుండు కోసి తీసేశారు. అన్నం తింటున్నాను, అరుగుతోంది. ఇంకా ఆరు ఉన్నాయంటున్నావు. "పోయిన పుండు కోసం ఉన్న వేళ్లు పోగొట్టుకోమంటావా?" అని అడిగాడు.

తనకు తెలిసినంతలో ఆయన వేసుకున్న లెక్కలో తప్పు లేదు. తప్పు నేను చెప్పిన దాంట్లో ఉంది. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. క్యాంటీన్లో చెప్పలేనిది షెడ్డులో చెప్పి ఉండాల్సింది. కనీసం డాక్టరు దగ్గరకెళ్లి వేళ్ల సంగతైనా చెప్పి ఉండాల్సింది. నేను, "సరేలే బావా, రెండు నెలలు ఆపి చూద్దాం" అన్నాను. ఆయన మొహం తేటపడింది. అది చూసి నాకు కూడా హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అది నిజం.

ఆస్పత్రి నుంచి ఫోన్లు నాకు వచ్చేవి. మొదటిసారి ఊళ్లో లేరండి అన్నాను. రెండోసారి వచ్చే వారం తీసుకొస్తామండి అన్నాను. మూడోసారి నంబరు చూసి ఎత్తలేదు. ఆపరేషన్ ఒక్కదానితోనే బాగుండేవాళ్లు కూడా కొందరు ఉంటారని డాక్టరు ఎప్పుడో అన్న మాట పట్టుకున్నాను. ఆ కొందరిలో మా బావ ఒకడని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. ఏడెనిమిది నెలలు నేను చెప్పిందే నిజమైనట్టు గడిచాయి. ఆయన ఒళ్లు చేశాడు. వేళ్లకు స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. గోరుకి గీత తగిలిన రోజున షెడ్డులో అందరికీ బజ్జీలు తెప్పించాడు, తను ఒక్కటే తుంచుకుని తిన్నాడు. ఆ రోజు నేను కూడా అక్కడే ఉండి తిన్నాను.

తర్వాత నడుముకి పైన నొప్పి వచ్చింది. మళ్లీ ముద్ద దిగడం మానేసింది. నాతో ఒక్క మాట అనకుండా, ఆయన తనంతట తాను డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం రమ్మని ఫోన్ చేశాడు. షెడ్డు షట్టరు సగం దించి ఉంది. లోపల ఆయన ఒక్కడే డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నా కోసం ఒక స్టూలు వేసి ఉంది.

"నిన్న ఆస్పత్రికి పోయాను" అన్నాడు. "నాకంతా తెలిసినట్టే మాట్లాడాడు ఆ డాక్టరు. రెండు కీమోలకే ఎందుకు మానేశారండీ, వేళ్ల తిమ్మిరని చెబితే డోసు తగ్గించేవాళ్లం, మందు మార్చేవాళ్లం కదా అన్నాడు. నేను కూడా తెలిసినట్టే విన్నాను. ఆయన దగ్గర నీ పరువు తియ్యడమెందుకని."

నేను స్టూలు మీద కూర్చున్నాను.

"ఆ వార్డులో మనుషుల్ని చూశాన్రా నేను. జుట్టు లేనివాళ్లని, టోపీలు పెట్టుకున్నోళ్లని. అనుమానం రాలేదనుకున్నావా? వచ్చింది. అదే అయితే మా బామ్మర్ది చెప్పేవాడులే అనుకున్నాను."

"భయపడతావని, బావా..."

"భయపడేవాణ్ణి. రెండ్రోజులు భయపడేవాణ్ణి. మూడో రోజు పోయి సూది పొడిపించుకునేవాణ్ణి. వేళ్లు పోతే పోయినియ్యి, పార్టనరు గోరు పెడతాడు, నేను పక్కన నిలబడి చెబుతాను. బ్రేకులు లేవని చెప్పకుండా బండి చేతికిచ్చి పంపావు కదరా నన్ను. ముప్పై ఏళ్లలో ఒక్క ఓనరుకి నేనట్టా చేశానా?"

కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన వేరే విషయం మాట్లాడుతున్నట్టుగా, "మీ అక్కకి పొద్దున చెప్పాను. జబ్బు సంగతి నాకు మొదట్నుంచీ తెలుసనీ, సూదులు నా అంతట నేనే మానుకున్నాననీ. చీపురు విసిరి కొట్టింది" అన్నాడు.

ఎందుకలా చెప్పావు బావా అని అడిగాను.

"నేను పోయాక దానికి నువ్వొక్కడివే. నిన్ను కూడా దూరం చేసుకుని ఏం చేస్తది? నువ్వు మాత్రం నోరెత్తావంటే ఊరుకోను."

నేను తల ఊపాను. ఆ ఆజ్ఞ నాకెంత అనుకూలమో ఆయనకు తెలిసే ఉంటుంది. చేయి పట్టుకుని కాదనలేదు. ఆ నింద నేను మోస్తాను అనలేదు. షట్టరు ఎత్తుకుని బయటికొచ్చి, రోడ్డు మీద లారీల మధ్య నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపులో సగం, అక్కకు తెలియదు కదా అన్న నిశ్చింత.

కాలేయంలో మచ్చలు కనపడ్డాయి. ఇప్పుడు వేసే మందు జబ్బును తీసెయ్యడానికి కాదు, కొంత కాలం నిలపడానికీ నొప్పి తగ్గించడానికీ అని డాక్టరు ఈసారి బావకే చెప్పాడు. ఎంత కాలమో బావే అడిగాడు. సంవత్సరాల మాట డాక్టరు ఎత్తలేదు. ఈ విడత ఒక్క ఇంజక్షనూ మానలేదు. టైముకంటే గంట ముందే వెళ్లి కూర్చునేవాడు. వార్డులో అందరితో మాట్లాడేవాడు. ఉయ్యూరు వైపు నుంచి వచ్చే ఒకాయన మూడోదానికే మానేస్తానంటే, మంచం పక్కన కూర్చుని అరగంట సేపు తిట్టాడు. నాలుగు ఇంజక్షన్లయ్యాక డాక్టరే ఇక వద్దన్నాడు. పొట్టలోకి నీరు చేరింది. తీయిస్తే వారానికి మళ్లీ నిండేది. వేళ్లు ఈసారి పూర్తిగా మొద్దుబారాయి. చొక్కా గుండీ అక్క పెట్టేది. పెడుతూ, "తెలిసి తెలిసీ ఎందుకు మానుకున్నావు చెప్పు, నా మీద అంత లోకువా నీకు?" అని అడిగేది. "బుద్ధి లేక" అనేవాడు. అలా అన్నప్పుడు నావైపు చూడకుండా జాగ్రత్తపడేవాడు.

ఒక సాయంత్రం పార్టనరు ఏదో బేరింగు ముక్క తీసుకొచ్చి చూపించాడు. బావ దాన్ని వేళ్లతో తిప్పి తిప్పి, చివరికి నా చేతికిచ్చాడు. గోరు పెట్టి లాగు, తగులుతోందా లేదా చెప్పు అన్నాడు. లాగాను. నాకేం తెలియలేదు. మళ్లీ లాగమన్నాడు. తెలియట్లేదు బావా అన్నాను.

"నీకు వేళ్లుండీ ఏం లాభం రా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నేను ఆ ముక్కను చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉన్నాను.

తర్వాత రెండు వారాలకు పోయాడు. చివరి మూడు రోజులు మాట లేదు.

పదకొండో రోజు కర్మ. భోజనాలయ్యాక షామియానా కింద మనుషులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఎంత మంచి పనివాడో చెప్పుకున్నాక మాట అటు తిరిగింది. పార్టనరు, బాధ కొద్దీ అన్నాడు, రెండు ఇంజక్షన్లకే పారిపోయాడండీ, మొత్తం వేయించుకుని ఉంటే ఇవ్వాళ మన మధ్యనే ఉండేవాడు అని. కంకిపాడు నుంచి వచ్చిన బావ పెద్దక్క, వాడు పసితనం నుంచీ అంతే, ఎవరి మాటా వినని మొండోడు అంది. ఇంకెవరో, చేతులారా తెచ్చుకున్న చావు అన్నారు. నేను అక్కడే మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను.

అక్క గుమ్మంలోంచి ఇదంతా వింది. నేను లోపలికి వెళ్తే, "అందరూ దండం పెట్టారు. నాకు మాత్రం ఆయన ఫోటో చూస్తే ఒళ్లు మండిపోతోందిరా. తెలిసీ నన్ను వదిలేసి పోయాడు. ఆ సూదుల కన్నా నేను ఎక్కువ బాధపెట్టానా ఆయన్ని?" అంది.

అప్పుడు కూడా నోరు తెరవలేదు. ఇంటికి వచ్చేశాను. బావకు మాటిచ్చాను కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన ఆ మాట తీసుకున్నది అక్క ఒంటరిది కాకూడదని. ఇప్పుడు ఆ మాట వల్లే ఆమె ఆయన్ని కూడా పోగొట్టుకుంటోంది. మనిషి పోయాడు, ఆయన మీదున్న ఇష్టం కూడా పోతోంది. ఇంత తేటగా కనపడుతున్నా నాలుగు రోజులు తాత్సారం చేశాను. ఐదో రోజు పొద్దున్నే వెళ్లాను. అక్క వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను కూడా కింద కూర్చుని మొత్తం చెప్పాను. క్యాంటీన్ దగ్గర్నుంచి షెడ్డు ఆదివారం దాకా.

ఆమె చేతులు ఆగలేదు. కాయలు తుంచుతూనే విని, "అయితే ఆయనకి తెలియదా?" అని అడిగింది.

"తెలియదు."

"వేళ్ల సంగతి డాక్టరుకి చెప్పావా?"

"లేదు."

"చెబితే మందు మార్చేవాళ్లా?"

"మార్చేవాళ్లం అన్నాడంట."

"ఎన్ని మిగిలిపోయినై?"

"ఆరు."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. ఏడవలేదు. నన్ను తిట్టలేదు. "చచ్చే మనిషిని రోజూ గుండీలు పెడుతూ తిట్టాను. పడ్డాడు" అంది. తర్వాత చేట పక్కన పెట్టి లేచింది. "నాకు చెప్పావు. ఆ రోజు ఆ షామియానా కింద నోటికొచ్చినట్టు అన్నారే, వాళ్లకెవరు చెబుతారు? పోయి ఒక్కొక్కరికీ చెప్పిరా. అందరికీ చెప్పిందాకా ఈ గుమ్మం తొక్కమాక."

అక్కడినుంచి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. పార్టనరును పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. పిలవబోయి ఆగి, అందరి ముందే చెప్పాను. గ్రైండరు ఆపారు. పార్టనరు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నావైపు చూసి, మళ్లీ పనిలోకి వెళ్లిపోయాడు. నాకు ఎప్పుడూ టీ చెప్పేవాళ్లు. ఆ రోజు చెప్పలేదు. ఆ తర్వాత వారం రోజులు ఆఫీసుకు సెలవు పెట్టి ఇళ్లకు వెళ్లాను. కొందరు, నువ్వు మంచికే చేశావులే బాబూ, ఎవరైనా అదే చేస్తారు అన్నారు. అలా అన్నవాళ్ల దగ్గర, ఆయన మొండితనం వల్ల కాదండీ, ఆయనకు తెలియకపోవడం వల్ల అని మళ్లీ చెప్పి, అది వాళ్ల నోటితో అనిపించి కానీ లేవలేదు. ఒకాయన మొహం మీదే తలుపు వేశాడు. ఆస్పత్రికి కూడా వెళ్లి డాక్టరుకు చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇకమీదట రోగికి నేనే చెబుతానండీ, ఎవరు చెబుతామన్నా వాళ్లకు వదిలిపెట్టను అన్నాడు.

కంకిపాడుకు ఆఖరున వెళ్లాను. బావ పెద్దక్కకు డెబ్బై దాటాయి. చెవులు సరిగా వినపడవు. అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి చెవి వెనక పెట్టుకుని, "ఏందీ?" అంది. లోపలికి వెళ్దాం రండి అని సైగ చేశాను. గాలి ఇక్కడే బాగుందని కదల్లేదు. కొంచెం గొంతు పెంచాను. "మా వాడి సంగతా? గట్టిగా చెప్పవయ్యా" అంది.

లేచి నిలబడ్డాను. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. సైకిల్ మీద పోతున్న ఒకాయన కాలు నేల మీద ఆనించి ఆగాడు.

"మీ తమ్ముడు మొండితనానికి మందు మానెయ్యలేదండీ. అది క్యాన్సరని ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు" అని అరిచాను.

ఆవిడ నా పెదాలవైపు చూస్తూ, "ఎవరు చెప్పలేదు?" అంది.

"నేను" అన్నాను, ఇంకా గట్టిగా.